జీడిపప్పు అమ్మే వెబ్‌సైట్‌కు డాట్ తర్వాత ఏం పెట్టాలి? నా అనుభవం

పలాస పేరు చెబితే ఎవరికైనా ముందు జీడిపప్పే గుర్తొస్తుంది. మాదీ ఆ వ్యాపారమే. మావయ్య గారి కాలం నుంచి కాశీబుగ్గలో చిన్న ఫ్యాక్టరీ ఉంది. పిక్కలు ఉడకబెట్టి, కొట్టించి, పప్పును బోర్మాలో, అంటే వేడి గదిలో, ఆరబెట్టి, పొట్టు తీయించి, గ్రేడింగ్ చేసి పది కిలోల డబ్బాల్లో నింపి పంపుతాం. లెక్కలు నేను చూస్తాను. ఇన్నాళ్లూ సరుకంతా బ్రోకర్ల ద్వారా విజయవాడకో, హైదరాబాద్‌కో, కటక్‌కో వెళ్లేది. కరోనా తర్వాత వాట్సాప్‌లో అరకిలో, కిలో ఆర్డర్లు రావడం మొదలైంది. అడిగిన ప్రతివాళ్లకీ 240 రకం గుండు ఎంత, 320 రకం గుండు ఎంత, బద్ద ఎంత అని రేట్లు టైప్ చేసి పంపడం విసుగొచ్చి, పోయిన ఏడాది వెబ్‌సైట్ పెడదామనుకున్నాం.

సైట్ తయారు చేయించడం పెద్ద పని కాలేదు. దాని పేరు చివర, డాట్ తర్వాత, ఏం ఉండాలన్నది మాత్రం నెలల తరబడి నడిచింది. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఆ గొడవ ఎలా తేలిందో రాస్తున్నాను, చిన్న వ్యాపారం పెట్టుకుని సైట్ కోసం చూస్తున్నవాళ్లకి పనికొస్తుందని.

మా దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తే ఇది ప్రకటన అయిపోతుంది. పేరులో లక్ష్మి ఉందని మాత్రం చెప్పాలి, సగం తలనొప్పి అక్కడే కాబట్టి. లక్ష్మిని ఇంగ్లిష్‌లో కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, కొందరు ఎక్స్ పెట్టి. చివర ఐ పెట్టేవాళ్లున్నారు, వై పెట్టేవాళ్లున్నారు. మా జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్, మావయ్య గారు ఎప్పుడో వేయించిన బోర్డు మీద ఇంకో స్పెల్లింగ్.

సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో వెతికితే డాట్ కామ్ ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. తెరిచి చూస్తే లోపల వ్యాపారం ఏమీ లేదు. ‘ఈ డొమైన్ అమ్మకానికి ఉంది’ అని ఒక పేజీ, కింద ఒక ఫారం. డొమైన్ అంటే సైట్ అడ్రసే. నింపి పంపితే లక్షన్నర పైచిలుకు చెప్పారు. మావయ్య గారు విని, ‘అచ్చరాలకా?’ అన్నారు. మా ఆయన పిక్కల బేరంలో ఆరితేరిన మనిషి, సగానికి సగం తగ్గించి అడిగారు. అట్నుంచి జవాబే లేదు. అలా కొని పెట్టుకుని కూర్చోవడం చట్టవిరుద్ధమేమో, కేసు వేద్దామా అనుకున్నాం. లక్ష్మి పేరు మన ఒక్కరిదే కాదు కదా! మన పేరు మీద లాభపడాలనో, దాన్ని దెబ్బతీయాలనో దురుద్దేశంతో తీసుకున్నారని చూపించగలిగితేనే ఆ దారి. దేశంలో లక్ష్మి పేరుతో ఎన్ని వేల దుకాణాలున్నాయో తలుచుకుని ఆ ఆలోచన వదిలేశాం.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మరిది దగ్గర దీనికి మందు ఉంది. ‘డాట్ కామ్ పాతకాలం వదినా. డాట్ స్టోర్ తీసుకో, డాట్ షాప్ తీసుకో. అదే పేరు దొరుకుతుంది, మొదటి ఏడాది వంద రూపాయలు కూడా కాదు’ అన్నాడు. నిజమే, దొరుకుతోంది. నిజమే, వంద రూపాయలే. లెక్కలు రాసే దాన్ని కాబట్టి ఆ వంద పక్కన సన్న అక్షరాల్లో ఏముందో చూశాను. రెండో ఏడాది నుంచి రెన్యువల్ నాలుగు వేల పైన, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే.

ఒక కాగితం మీద పదేళ్ల లెక్క వేశాను. నేను చూసిన రోజు ధరలతో డాట్ స్టోర్‌కి జీఎస్టీ కాకుండానే 36 వేలు దాటింది. డాట్ షాప్ దానికి కొంచెం తక్కువ. డాట్ కామ్ 13 వేల దగ్గర ఆగింది. డాట్ ఇన్ 8 వేలు కూడా దాటలేదు. మొదటి ఏడాది ధర చూస్తే మాత్రం స్టోర్, షాప్‌లే చవగ్గా కనిపిస్తాయి. అందుకే సైట్లలో మొదటి ఏడాది ధరే పెద్ద అంకెల్లో పెడతారు.

ఇంత తేడా ఎందుకో తెలుసుకుంటే నాకు అసలు విషయం అర్థమైంది. మనం కొనేది రిజిస్ట్రార్ అనే దుకాణం దగ్గర. డాట్ తర్వాత వచ్చే చివరి మాటను ఎక్స్‌టెన్షన్ అంటారు. దాని యజమాని వేరు, ఆ యజమానిని రిజిస్ట్రీ అంటారు. డాట్ కామ్ రిజిస్ట్రీ వెరిసైన్ అనే అమెరికా కంపెనీ. అది రిజిస్ట్రార్ల దగ్గర తీసుకునే టోకు ధర అందరికీ ఒకటే, 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 10.26 డాలర్లు. ఎంత పెంచాలన్నా ఒప్పందంలో హద్దు ఉంది, పెంచడానికి వీలున్న ఏడాదుల్లో కూడా 7 శాతం మించకూడదు. కొత్త ఎక్స్‌టెన్షన్లకి అలాంటి హద్దు లేదు. ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ 2012లో కొత్తవాటికి దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకి ఫీజే 1,85,000 డాలర్లు. ఒకే మాట కోసం ఇద్దరు ముగ్గురు పోటీ పడితే వేలం. డాట్ షాప్ కోసం 2016 జనవరిలో జపాన్‌కి చెందిన జీఎంఓ రిజిస్ట్రీ 4 కోట్ల 15 లక్షల డాలర్లు పెట్టింది. అంత పెట్టినవాళ్లు ఆ డబ్బు ఎక్కడో రాబట్టుకోవాలి, మొదటి ఏడాది వంద రూపాయల్లో అయితే రాదు. ఒక రక్షణ ఉంది: ధర పెంచేముందు రిజిస్ట్రీ ఆరు నెలల ముందే చెప్పాలి, ఆలోగా కావాలంటే పాత ధరకే పదేళ్ల దాకా కట్టేసుకోవచ్చు. కానీ ఆ నోటీసు వెళ్లేది రిజిస్ట్రార్‌కి. దుకాణం నడుపుకునే మనలాంటివాళ్లు అలాంటివి ఎంతమంది చూస్తారు?

ఇది మరిదికి చెబితే, ‘వ్యాపారం బాగుంటే ఏడాదికి నాలుగు వేలు ఎంత వదినా’ అన్నాడు. అదీ కాదనలేం. ఆ డబ్బుకి ఐదు కిలోల పప్పు రాదు. అందుకే ధర ఒక్కటే చూసి తేల్చకుండా ఫోన్ పట్టుకున్నాను.

మా ఖాతాదారుల్లో ఎక్కువమంది ఫోన్ మీద మాట్లాడేవాళ్లు. బరంపురంలో మిఠాయి దుకాణం ఆయన, కటక్ వ్యాపారి, రాజాంలో ప్రతి పండక్కీ నలుగురి కోసం కలిపి తెప్పించే టీచరమ్మ, ఇచ్ఛాపురంలో క్యాటరింగ్ చేసేవాళ్లు. కొందరితో తెలుగు, కొందరితో వచ్చీరాని ఒడియా, కొందరితో హిందీ. వాళ్లకి మామూలుగా రేట్లు చెప్తూ, చివర్లో ‘సైట్ పెడుతున్నామండీ, పేరు రాసుకోండి, ఫలానా డాట్ స్టోర్’ అని చెప్పి, రాసుకున్నది నాకు వాట్సాప్ చేయమన్నాను. దాదాపు అందరూ ఒకేలా పంపారు: ఫలానా స్టోర్ డాట్ కామ్. ఒకాయన మధ్యలో డాట్ కూడా ఉంచాడు, స్టోర్ కూడా ఉంచాడు, ఆ తర్వాత మళ్లీ డాట్ కామ్ తగిలించాడు. ‘అందులో డాట్ కామ్ లేదండీ’ అంటే ఇచ్ఛాపురం ఆయన, ‘డాట్ కామ్ లేకండా సైట్ ఏటమ్మా?’ అన్నాడు. నవ్వుకున్నాం గానీ ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. వెబ్‌సైట్ అంటే చివర డాట్ కామ్ అని పాతికేళ్లుగా జనం చెవులకి అలవాటైపోయింది.

డాట్ కో చెప్పి చూస్తే ఇంకా అన్యాయం. ‘కో’ అనేది పూర్తవని మాటలా వినిపిస్తుంది, ‘మ్’ మనం మింగేశామనుకుంటారు. ఇది మా పలాసలోనే కాదు. అమెరికాలో ఓవర్‌స్టాక్ అనే పెద్ద ఆన్‌లైన్ దుకాణం 2011లో పేరు కుదించి ఓ డాట్ కో అని పెట్టుకుంది. భారీగా ప్రకటనలు ఇచ్చింది, కాలిఫోర్నియాలో ఒక స్టేడియానికి కూడా ఆ పేరు వేయించింది. జనం మాత్రం ఓ డాట్ కామ్ అని కొట్టారు. ఓ డాట్ కామ్ అనే సైటే లేదు, అలాంటి ఒంటి అక్షరాల్ని దాదాపు అన్నీ ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచారు. ఏడాది తిరక్కుండానే కంపెనీ పాత పేరును మళ్లీ ముందుకు తెచ్చింది. అంత ప్రచార ఖర్చు భరించగలిగిన కంపెనీకే సాధ్యం కానిది, వాట్సాప్ స్టేటస్ మీద బతికే మాకు సాధ్యం అవుతుందా?

కొత్త ఎక్స్‌టెన్షన్లు ఎందుకూ పనికిరావని నేననను. గూగుల్ మాతృ సంస్థ ఆల్ఫాబెట్ సైట్ డాట్ ఎక్స్‌వైజెడ్‌లోనే ఉంది. ఖాతాదారులందరూ లింకు నొక్కి మాత్రమే వచ్చే వ్యాపారమైతే, అంటే ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి అక్కణ్ణుంచే వచ్చేవాళ్లయితే, ఏది పెట్టుకున్నా నడుస్తుంది. ‘షాప్’ అని ఉంటే గూగుల్‌లో పైకి వస్తామని మాత్రం అనుకోకండి. ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న మాటకి ప్రత్యేకంగా మార్కులేమీ వేయమని గూగుల్ వాళ్లే ఎప్పటినుంచో చెప్తున్నారు. బాగా చవగ్గా దొరికే ఎక్స్‌టెన్షన్లని స్పామ్ పంపేవాళ్లు గంపగుత్తగా కొంటారు, ఆ చెడ్డపేరు మన మెయిల్‌కి కూడా అంటుకునే ప్రమాదం ఉంది. మిఠాయి దుకాణానికి పంపిన ఇన్‌వాయిస్ స్పామ్‌లో పడితే పేమెంట్ వారం లేటు.

మరిది ఆఖరి ప్రయత్నంగా డాట్ ఐఓ అన్నాడు. స్టార్టప్‌లన్నీ అదే వాడతాయట. అది నిజానికి హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ వాళ్ల అధీనంలో ఉన్న చాగోస్ దీవుల దేశ సంకేతం. ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగిస్తామని బ్రిటన్ 2024 అక్టోబరులో ప్రకటించింది, 2025 మే 22న ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి. ఆ సంకేతం పోతే డాట్ ఐఓ గతేమిటన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. యుగోస్లావియా పోయాక దాని డాట్ వైయూని 2010లో పూర్తిగా తీసేశారు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, అక్కడ డాట్ ఈయూ పేర్లు పెట్టుకున్నవాళ్లకి అర్హత పోయి 2021 జనవరి 1 నుంచి వేల సైట్లు ఆగిపోయాయి. రెండక్షరాల ఎక్స్‌టెన్షన్ అంటే ఏదో ఒక దేశానిదో, ప్రాంతానిదో. డాట్ కో కొలంబియాది, డాట్ ఏఐ అంగ్విల్లాది, డాట్ టీవీ తువాలుది. పేరు అందంగా ఉందని తీసుకునేముందు ఆ ఊరివాళ్ల నియమాలు మనకి సరిపడతాయా అని చూసుకోవాలి. జీడిపప్పుకి ఆ పరదేశపు రాజకీయాలు ఎందుకని నేనంటే, మరిది కూడా ఈసారి ఏమీ అనలేదు.

మన దేశానిది డాట్ ఇన్. దీన్ని చూసేది నిక్సీ అనే సంస్థ. 2005కి ముందు ఈ పేరు దొరకడం చాలా కష్టం, 1992 నుంచి 2004 దాకా అన్నేళ్లలో ఇచ్చినవి మొత్తం 7 వేలు. 2005లో నియమాలు సడలించి అందరికీ తెరిచారు. దీని కిందే డాట్ కో డాట్ ఇన్ ఉంది, కంపెనీలకి. మాలాంటి దుకాణాలకీ భాగస్వామ్య సంస్థలకీ ప్రత్యేకంగా డాట్ ఫర్మ్ డాట్ ఇన్ కూడా ఉంది. నాకు అది చూడగానే సంతోషం వేసింది, మా కోసమే పెట్టినట్టుంది కదా అని. ఫోన్‌లో చెప్పి చూస్తే ఆ సంతోషం పోయింది. ‘ఫారమా? ఫామా?’ అని అడిగారు. డాట్ కో డాట్ ఇన్ కాస్త నయం, కానీ రెండు డాట్లు చెప్పాలి. ఒట్టి డాట్ ఇన్ చెబితే, కొంతమంది మళ్లీ డాట్ కామ్ తగిలించినా, ఎక్కువమంది సరిగ్గానే రాసుకున్నారు.

నాకు ఆశ్చర్యం కలిగించింది టీచరమ్మ. ‘డాట్ ఇన్ అయితే మన దేశందే, పర్వాలేదు. డబ్బులు కట్టేముందు చివర ఏముందో చూడమని మా పిల్లలకి కూడా చెప్తాను’ అంది. ఆవిడకి ఆ అలవాటు తిరుమల దర్శనం టికెట్ల దగ్గర వచ్చిందట. టీటీడీ పేరుతో నకిలీ సైట్లు ఎన్ని పుట్టాయో మనందరికీ తెలుసు. 2024 జనవరిలో టీటీడీ సైట్ అడ్రస్ మార్చినప్పుడు కూడా, చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోవడమే భక్తులకి ఆనవాలు. ఆ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకి తప్ప బయటివాళ్లకి ఇవ్వరు.

మేం ఈ గొడవలో ఉన్నప్పుడే బ్యాంకుల అడ్రసులు కూడా మారాయి. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మోసగాళ్ల సైట్లకీ అసలు బ్యాంకుకీ తేడా జనానికి ఇట్టే తెలియాలని. ఆ పేర్లు ఇచ్చే పని మన హైదరాబాద్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే రిజర్వు బ్యాంకు సంస్థకి ఒక్కదానికే అప్పగించారు. ఎస్‌బీఐ అడ్రస్ చివర ఇప్పుడు బ్యాంక్ డాట్ ఇన్ ఉండేది అందుకే. అంటే ఇప్పటిదాకా చివరి రెండు మాటలు పట్టించుకోని జనం కూడా వాటి వంక చూడటం నేర్చుకుంటున్నారు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. గవ్ డాట్ ఇన్‌కీ బ్యాంక్ డాట్ ఇన్‌కీ తలుపు దగ్గర కాపలా ఉంది, ఒట్టి డాట్ ఇన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. మోసం చేసేవాడూ కొంటాడు. టీచరమ్మ నమ్మకం పూర్తిగా సరైందేం కాదు, కానీ ఖాతాదారుడి మనసులో ఉన్న నమ్మకం మన వ్యాపారానికి ఉపయోగపడితే కాదని ఎందుకంటాం?

తెలుగులోనే అడ్రస్ పెట్టుకునే వీలు కూడా ఉంది, తెలుగు అక్షరాల్లో డాట్ భారత్. ఇది నా సొంత ఉబలాటం. లక్ష్మిని తెలుగులో రాస్తే ఎక్స్ గొడవ లేదు, వై గొడవ లేదు, ఒకటే స్పెల్లింగ్. బ్రౌజర్‌లో టైప్ చేస్తే సైట్ చక్కగా తెరుచుకుంటుంది. తెర వెనక మాత్రం కంప్యూటర్లు దాన్ని ఎక్స్, ఎన్, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా మార్చుకుంటాయి. తెలుగు డాట్ భారత్‌కి అసలు రూపం ఎక్స్ ఎన్ రెండు గీతల తర్వాత ఎఫ్ పీ సీ ఆర్ జే 9 సీ 3 డీ. కొన్ని యాప్‌లలో లింకు అతికిస్తే ఈ గుంపే కనిపిస్తుంది, చూసినవాళ్లు వైరస్ అనుకుంటారు. మెయిల్ అడ్రస్ కూడా అందులోనే పెట్టుకుంటే చాలా ఫారాలు తప్పు అడ్రస్ అని తిప్పికొడతాయి. పైగా కటక్ ఆయనకి తెలుగు కీబోర్డు ఎక్కడిది? మా ఖాతాదారులు కూడా తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. మనసుకి నచ్చింది గానీ పనికి ఆనదని పక్కన పెట్టాను.

చివరికి ముడి విప్పింది మా అత్తయ్య. రోజూ భోజనాల దగ్గర ఇదే మాట విని విని, ‘ఊరి పేరు పెట్టండర్రా, లక్ష్మీ దుకాణం ఎవరిదని అడుగుతారా? పలాస పప్పు అనే అడుగుతారు’ అంది. నిజానికి మాకు ఫోన్ చేసేవాళ్లు నంబరు సేవ్ చేసుకునేదే పలాస అని. పేరులోంచి లక్ష్మిని పూర్తిగా తీసేయకుండా, పొట్టి చేసి, ముందు పలాస పెట్టి వెతికితే డాట్ ఇన్ ఖాళీ, డాట్ కో డాట్ ఇన్ ఖాళీ, పాత పేరుకి లక్షన్నర అడిగిన డాట్ కామ్‌లో కూడా ఈ కొత్త పేరు మామూలు ధరకే ఖాళీ. ఇన్ని నెలలూ మేం డాట్‌కి కుడివైపే చూస్తూ కూర్చున్నాం.

కొనేముందు ఇంకో పని చేశాం, దీన్ని చాలామంది వదిలేస్తారు. ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఆ పేరు ఇంకెవరిదైనా రిజిస్టర్ అయి ఉందా అని వెతికించాం. వేయించిన, శుభ్రం చేసిన పప్పులు 29వ తరగతిలోకి వస్తాయి. చిన్న సంస్థలకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 4,500 రూపాయలు. డొమైన్ దొరికింది కదా అని పేరు మనదైపోదు. డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో చెప్పిన కేసులో గెలిచింది మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవేనే. దాని సిఫీ పేరుకి దగ్గరగా ఉండే పేర్లు ఇంకొకరు తీసుకుంటే కోర్టు ఒప్పుకోలేదు. డాట్ ఇన్ మీద తగాదా వస్తే కోర్టుకి వెళ్లకుండా నిక్సీ నియమించే మధ్యవర్తి దగ్గర తేల్చుకునే పద్ధతి కూడా ఉంది. డాట్ కామ్ అయితే ఆ పంచాయితీ ఎక్కువగా జెనీవాలోని వైపో అనే ఐక్యరాజ్యసమితి సంస్థ ముందు, ఫీజులు డాలర్లలో. దేశం లోపల వ్యాపారం చేసుకునేవాళ్లకి ఇదీ ఒక లెక్కే.

రెండూ దొరికాక ఏది అసలు, ఏది కొసరు అన్నది మిగిలింది. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు డాట్ కామ్ పెట్టమంది, ‘ఇక్కడివాళ్లకి డాట్ ఇన్ అంటే ఏంటో తెలీదు’ అని. మేం విదేశాలకి పంపం, ఆ లైసెన్సులూ ఆ సరుకు పరీక్షలూ వేరే కథ. మా కొరియర్ పార్సిళ్లన్నీ దేశం లోపలే. దేశపు ఎక్స్‌టెన్షన్ ఉంటే ఈ సైట్ ఆ దేశంవాళ్ల కోసమని గూగుల్ అర్థం చేసుకుంటుంది. డాట్ కామ్‌కి అలాంటి సూచన లేదు. మా అవసరానికి అదే సరిపోతుంది. రేపు ఎగుమతి మొదలుపెడితే అప్పుడు డాట్ కామ్‌ని ముందుకు తెస్తాం. డాట్ ఇన్ అసలు సైట్‌గా, డాట్ కామ్ కొడితే దానికే వచ్చి చేరేలా పెట్టించాం. ఇచ్ఛాపురం ఆయన వేళ్లు డాట్ కామ్ కొట్టకుండా ఆగవు కాబట్టి ఏడాదికి ఆ పదమూడు వందలు తప్పవు. డాట్ కో డాట్ ఇన్ తీసుకోలేదు. ఎవరైనా అదే పేరుతో తీసుకుంటే ఎలా అని మా ఆయన అడిగారు. అన్ని తలుపులూ మనమే కొనుక్కుంటూ పోతే దానికి అంతు లేదు, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టింది అందుకే కదా అన్నాను. ఆయన ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

కొన్నప్పుడు నేను పట్టుబట్టింది ఒకటే: డొమైన్ మా సంస్థ పేరు మీద, మా మెయిల్‌తో, మా ఫోన్ నంబరుతో ఉండాలని. సైట్ చేసే అబ్బాయి, ‘నా అకౌంట్‌లో కొనేస్తాను మేడమ్, మీకెందుకు శ్రమ’ అన్నాడు. మంచివాడే. కానీ మా వీధిలోనే ఒకరికి సైట్ చేసినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు, డొమైన్ వాళ్ల పేరు మీదే ఉండిపోయింది, అన్నేళ్లూ డబ్బాల మీద అచ్చేసిన అడ్రస్ పోయింది. ఆ మెయిల్ కూడా అదే డొమైన్‌లోది పెట్టకూడదు. డొమైన్ ఆగిన రోజున దాంతోపాటు మెయిలూ ఆగుతుంది, రెన్యువల్ హెచ్చరిక ఎక్కడికి వస్తుంది? మామూలు జీమెయిల్ ఇచ్చాను. డాట్ ఇన్‌కి కేవైసీ అడిగారు, చేశాం. డాట్ ఇన్‌లో పేరూ అడ్రసూ వేరేవాళ్ల చాటున దాచే ప్రైవసీ సర్వీసులకి అనుమతి లేదు, డాట్ కామ్‌లో ఉంది. దుకాణం నడిపేవాళ్లం అడ్రస్ దాచుకుని ఏం చేస్తాం, డబ్బా మీదే ఉంది కదా!

ఆటో రెన్యువల్ పెట్టేసి మర్చిపోవచ్చని చాలామంది అనుకుంటారు. మన కార్డులకి అది అంత నమ్మకం కాదు. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి తెచ్చిన నిబంధనల ప్రకారం కార్డు నుంచి తనంతట తాను డబ్బు వెళ్లాలంటే ముందే నమోదు చేసి ఉండాలి, ప్రతిసారీ బ్యాంకు ముందుగా కబురు పంపాలి. బయటిదేశాల రిజిస్ట్రార్లలో చాలామంది ఆ పద్ధతిలో లేరు, అక్కడ పేమెంట్ ఆగిపోవచ్చు. అందుకని యూపీఐ తీసుకునే రిజిస్ట్రార్ దగ్గర కొని, ఏడాదికి ఒకసారి కాకుండా డాట్ ఇన్‌కి ఐదేళ్లు ఒకేసారి కట్టాను. పదేళ్లదాకా కట్టొచ్చు. ఒకసారి గడువు దాటితే డాట్ కామ్‌ని కొన్నాళ్ల తర్వాత వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు ధరకి ఎన్నో రెట్లు అడుగుతారు, ఆ గడువు కూడా దాటితే ఎవరైనా తీసుకోవచ్చు. మా ఆఫీసులో గోడ క్యాలెండర్ మీద ఫుడ్ లైసెన్సు రెన్యువల్ తేదీ పక్కనే ఇది కూడా రాసి ఉంటుంది.

సైట్ దసరాకి ముందు తెరిచాం. వచ్చేవాళ్లలో ఎంతమంది డాట్ కామ్ కొట్టి వస్తున్నారో నెలకోసారి చూస్తున్నాను. తక్కువే, కానీ వాళ్లు కొనేవాళ్లు. ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చేవాళ్లు చూసి వెళ్లిపోతారు, డాట్ కామ్ టైప్ చేసి మరీ వచ్చేవాళ్లు మా పేరు ముందే తెలిసినవాళ్లు కదా. కొత్త డబ్బాల మీద డాట్ ఇన్ అడ్రస్, పక్కన క్యూఆర్ కోడ్ వేయించాం. బరంపురం ఆయన ఇప్పటికీ రేట్లు ఫోన్‌లోనే అడుగుతాడు. మరిది మాత్రం తన సొంత సైట్‌కి డాట్ ఐఓ తీసుకున్నాడు.